పదకొండు దినాల లీడర్

మా ఊరి హైస్కూల్ల లీడర్ను తొమ్మిదో తరగతి నుంచే ఎన్నుకునేటోళ్లు. పదో తరగతోళ్లకు పరీక్షల గొడవ ఉంటది, వాళ్లను పరేషాన్ చెయ్యొద్దని మా హెడ్‌మాస్టర్ పెట్టిన పద్ధతి అది. ఆయనను అందరం పెద్దసారు అనేటోళ్లం. ఎలక్షన్ను నిజం ఎలక్షన్ లెక్కనే నడిపేటాయన. నామినేషన్లు, ప్రచారానికి రెండు దినాలు, అట్టపెట్టెతోని చేసిన ఓట్ల డబ్బా, ఓటేసినోళ్ల వేలికి స్కెచ్ పెన్ను సిరా.

నేను తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడాది ఇద్దరమే నిలబడ్డం. నేనొకదాన్ని. ఇంకొకతి నా దోస్తు. ఒకటో తరగతి నుంచి ఇద్దరిదీ ఒకటే బెంచి. వాళ్ల నాయిన, మా నాయిన బొంతపల్లి దిక్కు ఒకే మందుల ఫ్యాక్టరీకి డ్యూటీకి పోయేటోళ్లు. మాకు ఎకరన్నర పొలం మిగిలింది, దాన్ని అమ్మ చూసుకునేది. వాళ్లకు అది గూడ లేదు. వాళ్లమ్మ కంపెనీ బస్సెక్కి సుల్తాన్‌పూర్ల ప్యాకింగ్ పనికి పోయేది.

నిలబడుదామన్న ఆలోచన మొదలు ఆమెదే. "నువ్వు గూడ నిలబడరాదే, ఒక్కదాన్నే అయితే పోటీ ఏముంటది" అని నా పేరు గూడ తనే రాయించింది. గెలిచేది తనేనని ఇద్దరికీ తెలుసు. ఆమె మాట్లాడితే పదో తరగతి పోరగాండ్లు గూడ ఊకుండి వినేటోళ్లు. నాకు లెక్కలొచ్చు గని, నలుగురి ముందర నోరు లేసేది కాదు.

ఓట్లకు ముందు ప్రార్థన కాడ ఒక్కొక్కరికి రెండు నిమిషాలు మైకు ఇచ్చిండ్రు. ఆమె లైబ్రరీ గురించి చెప్పింది. పుస్తకాల బీరువాకు ఎప్పుడు చూసినా తాళమే ఉంటది, తను లీడర్ అయితే శనివారం శనివారం తెరిపిస్త అన్నది. మంచిగ చప్పట్లు కొట్టిండ్రు. నేను రాసుకున్న కాయితం చేతిల ఉన్నది గని, మైకు పట్టుకోంగనే అక్షరాలు కనపడలే. నోటికి వచ్చింది అన్న.

"ఆడపిల్లల బాత్రూం తలుపుకు గొళ్లెం లేదు. నేను పెట్టిస్త."

గంతే. మగపిల్లలు కిసుక్కున నవ్విండ్రు. ఆడపిల్లలు ఎవ్వరూ నవ్వలే. మా బడిల బాత్రూంకు పోవాల్నంటే జోడీ కావాలె. ఒకరు లోపలికి పోతే ఇంకొకరు బయట తలుపు పట్టుకొని నిలబడాలె. జోడీ దొరకకపోతే ఇంటిదాక ఆపుకునుడే. ఆరో తరగతి పిల్లలైతే పొద్దున్నుంచి నీళ్లు తాగుడే బంద్ చేసేటోళ్లు. అందరికీ తెలిసిందే గని మైకుల ఎవ్వరూ అనలే అప్పటిదాక.

పద్నాలుగు ఓట్ల తేడాతోని నేను గెలిచిన.

నా దోస్తు అందరితోని కలిసి చప్పట్లు కొట్టింది. తెల్లారి శుక్రవారం పెద్దసారు నా జేబుకు బ్యాడ్జీ పెట్టిండు. ప్రార్థన అయిపోయి క్లాసుకు పోతే, ఆమె సంచి మా బెంచి మీద లేదు. కిటికీ పక్క బెంచికి పోయి కూసున్నది. నేను చూస్తే ఆమె నోటుబుక్కుల చూసుకుంట కూసున్నది.

బాధ అయింది. అబద్ధం ఎందుకు, ఆ బాధ మధ్యాహ్నం దాక గూడ ఉండలే. లీడర్‌గ ఉండుట్ల ఉన్న సంతోషం ఇగ చెప్పరాదు. మైకుల "సావధాన్" అంటే మూడు వందల కాళ్లు ఒక్కసారి దగ్గరికొచ్చిన సప్పుడు. అన్నం లైన్ల నిలబడ్డ ఆరో తరగతి పిల్లలు "అక్కా, వీడు మధ్యల దూరిండు" అని నా దగ్గరికే ఉరికొచ్చుడు. రెండు దినాల్ల నా నోరు లేసింది. నడక గూడ మారిందని మా అమ్మ అన్నది. ఆదివారం బడి లేకున్నా బ్యాడ్జీ పెట్టుకొని దుకాణంకు పోయిన.

బుధవారం నాడు పెద్దసారు నన్ను ఆఫీసు రూంకు పిలిపిచ్చిండు. గొళ్లెం సంగతి అనుకుంట పోయిన. టేబుల్ మీద ఒక కవరు ఉన్నది.

"ఏప్రిల్ల పరీక్ష రాసినవు, యాదికున్నదా?" అన్నడు.

యాదికి లేకేం. పటాన్‌చెరు దాటినంక సంగారెడ్డి పోయే రోడ్డు మీద ఒక ట్రస్టు బడి ఉండేది. చుట్టుపక్కల ఊర్ల సర్కారు బళ్ల నుంచి, ఒక్కో బడికి ఒక్కరిని తీసుకునేటోళ్లు. అట్ల వచ్చినోళ్లకు ఫీజు లేదు, పుస్తకాలు వాళ్లవే, బస్సు వాళ్లదే. తొమ్మిది నుంచి ఇంటర్ దాక చదివిపిస్తరు. ఎనిమిదో తరగతి చివర్ల మేమిద్దరం రాసినం ఆ పరీక్ష. జూన్ అంతా చూసినం, ఏం రాలే. ఇగ రాదనుకున్నం.

"నీకొచ్చింది సీటు. సోమవారం లోపల చెప్పాలె. నువ్వు పోను అంటే రెండో నంబరుకు ఇస్తరు." పెద్దసారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. "రెండో నంబరు ఎవరో నీకు తెలుసు గద."

తెలుసు. మా బడి నుంచి ఆ పరీక్ష రాసింది ముగ్గురమే. మూడో పిలగాడు సగంల లేసి వచ్చిండు.

"సారూ, మరి లీడర్?"

"నువ్వు పోతే ఆమెనే లీడర్. ఉంటే ఆమెకు సీటు. నేనైతే ఏం చెప్పను. నువ్వు పోతే నా బడికి ఒక మంచి రిజల్టు పోతది, ఉండుమంటే నీకు అన్యాయం చేసినట్టు. మీ నాయినతోని మాట్లాడు." అని, నేను తలుపు దాటుతుంటే మల్ల పిలిచిండు. "ఆమెకు గూడ చెప్పిన. దాచిపెడ్తె బాగుండదు."

ఆ దినం నాయిన సెకండ్ షిఫ్టుల ఉన్నడు. తెల్లారి పొద్దుగాల చాయ్ తాగుకుంట కవరుల కాయితం రెండుసార్లు చదివిండు. అమ్మ పక్కన కూసొని చిక్కుడుకాయ గిల్లుతున్నది.

"లీడర్ అంటే ఏం జేస్తరే?" అని అడిగింది అమ్మ.

ప్రార్థన, వార్తలు, అన్నం లైను, గొళ్లెం అని అన్నీ చెప్పిన.

"గవన్ని ఆ బడిల ఎవ్వరూ చెయ్యరా?"

"అక్కడ వేరేటోళ్లు ఉంటరు గదా అమ్మా."

"మరి ఇక్కడ గూడ వేరేటోళ్లు దొరుకుతరు గద" అన్నది. ఎత్తిపొడిచి అనలే, కాయలు గిల్లుకుంటనే మామూలుగ అన్నది. నాకు మాత్రం కోపమొచ్చింది. నాకు ఓట్లేసి గెలిపిచ్చిండ్రు, ఎవరు బడితె వాళ్లు చేసేది కాదది అని లేసిపోయిన.

గురువారం నీళ్ల ట్యాంకు కాడ నా దోస్తు కనపడ్డది. వారం సంది మాటల్లేవు. బాటిల్ నింపుకుంట నా దిక్కు చూడకుండనే అన్నది.

"సారు చెప్పిండు."

"ఊ."

"నువ్వు పోతే నేను లీడర్. నువ్వుంటే నేను ఆ బడికి పోత. నాకు రెండిట్ల ఏదొచ్చినా వచ్చినట్టే. నువ్వే తేల్చుకో."

"నీకేది కావాల్నే?"

"నన్ను అడగకు" అన్నది. బాటిల్ నిండి పొంగిపోతున్నా చూసుకోలే. "నీకొచ్చింది. నన్నడిగి, మల్ల నాకోసం చేసిన అని జన్మంత చెప్పుకుంట తిరుగుడు నాకొద్దు."

ఆమె గట్ల అన్నది గని, ఆమె మనసుల ఏమున్నదో నాకు మర్నాడే తెలిసింది. శుక్రవారం సాయంత్రం నేను దుకాణం కాడ ఉన్నప్పుడు కంపెనీ బస్సు ఆగింది. వాళ్లమ్మ దిగింది. నన్ను చూసి ఆగి, కొంగుతోని మొకం తుడుచుకున్నది.

"నీకు సీటొచ్చిందంట గద బిడ్డా. సంతోషం" అన్నది.

"ఇంకా చెప్పలే అత్తా, పోవాల్నో వద్దో."

ఆమె ఇంకా దగ్గరికొచ్చింది. "నేను చెప్పిన అని మా దానితోని అనకు. పొద్దున ఆ బడి బస్సు మెయిన్ రోడ్డు మీద పోతది సూడు, ఏడుంబావుకు. ఇది రోజూ గా టైంకు చెత్త పారేసొస్త అని బయటికి పోతది. బస్సు పోయేదాక నిలబడి వస్తది." గంతే చెప్పి నా తల నిమిరి పోయింది. ఉండుమని అడగలే, పొమ్మని అనలే.

ఆ రాత్రి అన్నం తినుకుంట గూడ ఆ మాటనే యాది చేసుకున్న. ఉంటే ఏమైతదో ఆలోచించిన. లీడర్‌గ ఉంట. గొళ్లెం పెట్టిస్త. దోస్తుకు సీటొస్తది. ఊర్ల అందరూ ఎంత మంచి పిల్ల అంటరు. పెద్దసారు ప్రార్థన కాడ నా గురించి చెప్పినట్టు గూడ అనుకున్న. ఆయన ఏ మాటలు అంటడో గూడ ఊహించుకున్న. ఉండుట్ల అన్నీ మంచివే కనపడ్డయి. ఇగ ఉందామనే అనుకొని పండుకున్న.

శనివారం పొద్దున నాయిన బండి తీసిండు. "ఒక్కసారి చూసొద్దాం. చూడకుండ వద్దనుడు గూడ మంచిది కాదు" అన్నడు. నేను ఉతికిన బట్టలు వేసుకొని, బ్యాడ్జీ పెట్టుకొని ఎక్కిన.

ఆ బడి నేననుకున్నంత పెద్దగ ఏం లేదు. మూడంతస్తుల తెల్ల బిల్డింగు, ముందర వేపచెట్లు. ఆఫీసుల ఉన్న మేడం కాయితం చూసి, ఇంగ్లీషుల ఏదో అడిగింది. నాకు సగం సమజైంది. "మ్యాథ్స్" అన్న. ఇంకేం రాలే. ఆమె నవ్వి తెలుగులకు దిగింది. నా జేబు దిక్కు చూసి "లీడర్‌వా?" అన్నది.

"అవును మేడం. మరి ఇక్కడ ఎలక్షన్ ఎప్పుడు?"

"ఇక్కడ ఎలక్షన్ ఉండదమ్మా. పదో తరగతిలో టీచర్లమే ఒకరిని పెడతాం."

నాకు ఆ బడి మీద జెర చులకన అయింది. అట్లనే కావాల్నని గూడ ఉన్నట్టుంది నాకు, వద్దనుకోవడానికి ఒక సాకు దొరికినట్టు. కాని తర్వాత ల్యాబు చూపిచ్చిండ్రు. అప్పుడు క్లాసు నడుస్తున్నది. నా ఈడు పిల్లలే, ఇద్దరికి ఒక మైక్రోస్కోపు. మా బడిల మైక్రోస్కోపు ఒకటే ఉండేది, అది గూడ బీరువాల. దాని బొమ్మ గీసి పది మార్కులు తెచ్చుకున్నం గని, దాంట్ల చూసింది లేదు. ఒక పిల్ల జరిగి నాకు జాగ ఇచ్చింది. ఉల్లిపొర పెట్టిండ్రు. ఒక కన్ను మూసి చూస్తే మొదలు అంతా మసక. ఆ పిల్ల పక్కన మర తిప్పింది. ఒక్కసారి గదులు గదులు, ఇటుకలు పేర్చినట్టు, ప్రతి గదిల ఒక చుక్క. బొమ్మల గీసినట్టే ఉన్నది. నిజంగ గట్లనే ఉంటదని నేనెప్పుడూ అనుకోలే.

నాయిన పిలిచేదాక నేను అక్కడి నుంచి జరగలే. బయటికి వచ్చేటప్పుడు బాత్రూంకు పోయిన. నాలుగు తలుపులు. నాలుగిటికీ గొళ్లాలున్నయి. ఎందుకో తెల్వదు, అన్నీ ఒకసారి పెట్టి తీసి చూసిన.

ఇస్నాపూర్ చౌరస్తాల నాయిన చాయ్‌కి ఆపిండు. లారీలు పోతుంటే మాట వినపడట్లేదు, గట్టిగ మాట్లాడాల్సి వచ్చింది.

"ఏమనుకున్నవ్ బిడ్డా?"

"నువ్వు చెప్పు నాయినా."

"నేను చెప్త లేను. నేను పొమ్మంటే పోతవు. అక్కడ కష్టమైతే నాయిన పంపిండు అంటవు. ఉండుమంటే ఉంటవు, రేపు ఏమన్న అయితే మల్ల నామీదికే వస్తది."

"నీ మనసుల ఏమున్నది మరి?"

"పోవాల్ననే ఉన్నది" అన్నడు. అని చాయ్ గ్లాసుల చూసుకుంట, "మా ప్లాంటుల పదిహేనేండ్ల సంది డ్రమ్ములు జరుపుతున్న. వాటిల ఏముంటదో ఇప్పటికి నాకు తెల్వదు. ల్యాబు పిలగాండ్లు వచ్చి చిన్న సీసల పట్టుకపోతరు, వాళ్లకు తెలుస్తది." అని గ్లాసు కింద పెట్టి బండి తీసిండు.

ఇంటికొచ్చినంక పొలం కాడికి పోయి గట్టు మీద కూసున్న. నిన్న రాత్రి ఉందామనుకున్నప్పుడు ఎంత హాయిగ ఉండెనో, ఇప్పుడు అంత బరువైంది. ఉండాల్ననుకున్నది ఎవరి కోసం అని నన్ను నేను అడుక్కున్న. దోస్తు కోసమే అనుకుంటే, మరి ప్రార్థన కాడ నా పేరు ఎందుకు వినపడాలె? గొళ్లెం కోసమే అయితే దానికి ఏడాది ఎందుకు? నాకు ఇష్టమైంది మైకు. మంచిపిల్ల అనిపిచ్చుకునుడు. అవి తీసేస్తే మిగిలింది ఒక్కటే, నాకు ఆ ల్యాబు కావాలె. మా దోస్తుకు గూడ కావాలె. ఆమెకు నాకంటే ఎక్కువనే కావాలేమో. అయినా నాకు కావాలె. ఆ మాట లోపల అనుకోవడానికే నాకు శానా సేపు పట్టింది. ఏడుపు గూడ వచ్చింది.

ఆ దినం నాయిన డ్యూటీకి పోయేముందు చెప్పిన. "పోత నాయినా. కాని గొళ్లెం పెట్టి పోవాలె. సారును అడిగితే ఫండ్స్ రావాల్నంటుండు."

నాయిన నవ్వలే. "ఎంత పొడుగు తలుపు?" అని అడిగిండు.

ఆదివారం పెద్దసారు తాళంచెవులు పట్టుకొని వచ్చిండు. నాయిన గొళ్లెం, మరలు, ఒక రంపం తెచ్చిండు. చూస్తే పని గొళ్లెంతోని అయ్యేది కాదు. తలుపు అడుగున చెక్క నీళ్లకు ఉబ్బి చట్రంల పడుతనే లేదు. దాన్ని కోసి, కిందికి వాలిన మడతబందులను పైకి జరిపి, అప్పుడు గొళ్లెం కొట్టిండు. రెండు గంటలు పట్టింది. పెద్దసారు అంతసేపూ అక్కడనే నిలబడ్డడు. మరలు అందిచ్చుకుంట "నువ్వు మైకుల అనేదాక నాకు ఎవరూ చెప్పలేదమ్మా" అన్నడు. చెప్పలేదో, చెప్పినా వినలేదో. ఆ మొకం చూస్తే నాకు అడగబుద్ధి కాలే. నేను లోపలికి పోయి గొళ్లెం పెట్టుకొని చూసిన. బయట నాయిన తలుపు గుంజిండు. రాలే.

సోమవారం బడి మొదలుగాక ముందే నా దోస్తు కోసం గేటు కాడ నిలబడ్డ.

"నేను పోతున్న" అన్న.

"మంచిది" అన్నది.

"నీకు ఆ సీటు కావాల్నని నాకు తెలుసు."

ఆమె ఆగింది. "తెలిసి గూడ పోతున్నవా?"

"ఊ."

ఏమంటదో అని చూసిన. తిడితే పడాల్ననే పోయిన. ఆమె చెయ్యి చాపింది. "బ్యాడ్జీ తే."

"సారుకు ఇయ్యాలె గద."

"సారు మల్ల నాకే ఇస్తడు. మధ్యల ఆయనెందుకు?"

పిన్ను తీసిచ్చిన. కంపాస్ పెట్టె తెరిచి, దాంట్ల పెట్టుకొని మూసింది. సారు చెప్పేదాక పెట్టుకోలే. ఆ దినం ప్రార్థనల "సావధాన్" చివరిసారి నేనే అన్న. గొంతు మామూలుగనే వచ్చింది.

కొత్త బడిల నేను ఎవ్వరికీ తెల్వదు. మొదటి మూడు నెలలు పాఠం ఇంగ్లీషుల చెప్తుంటే బోర్డు మీద లెక్కలు తప్ప ఏం సమజయ్యేది కాదు. ఆ లెక్కలు గూడ, పరీక్షల ప్రశ్న అర్థంగాక తప్పు చేసిన. సంగారెడ్డిల దుకాణాలున్నోళ్ల పిల్లలు, ఫ్యాక్టరీ ఆఫీసర్ల పిల్లలు ఫీజు కట్టి చదివేటోళ్లు. వాళ్లు నాతోని చెడుగ ఏం లేరు, నేనున్నట్టు గూడ వాళ్లకు తెల్వదు. నన్ను అక్కా అని పిలిచేటోళ్లు లేరు. ఇంటర్ అయిపోయేదాక నేను ఆ బడిల మైకు ముట్టలే. ఏడాది తర్వాత చదువు దారికొచ్చింది. ల్యాబుల ఉన్నప్పుడు మాత్రం మొదటి దినం నుంచి పరాయిగ అనిపియ్యలే.

ఊరి బడిల నా దోస్తు లీడర్‌గ ఎట్ల చేసిందో మా వాడ పిల్లలు చెప్పేటోళ్లు. శనివారం శనివారం బీరువా తెరిపిచ్చింది. బీహార్ నుంచి వచ్చి ఫ్యాక్టరీలల్ల పనిచేసేటోళ్ల పిల్లలు ప్రార్థన లైన్ల ఎనుక విడిగ నిలబడేటోళ్లు, వాళ్లను ముందుకు తెచ్చి వారానికొక దినం వార్తలు హిందీల చదివిపిచ్చింది. నాకైతే ఆ ఆలోచన గూడ రాకపోవును.

ఇప్పుడు నేను సంగారెడ్డి పక్కన కంది ఊర్ల ఉన్న పెద్ద కాలేజీ ల్యాబుల టెక్నీషియన్‌గ పనిచేస్తున్న. పెద్ద నౌకరి ఏం కాదు, నాకు నచ్చిన నౌకరి. ఆమె పాలిటెక్నిక్ చదివింది. సుల్తాన్‌పూర్ల, సూదులు సిరంజీలు చేసే కంపెనీల క్వాలిటీ చెకింగ్ల ఉన్నది. ఇద్దరి టైములు కలవవు. పెండ్లిళ్ల కాడ కలుస్తం, నవ్వుకుంటం, ఆ వారం సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలే.

పోయిన వానకాలం పటాన్‌చెరు బస్టాండుల కలిసింది. వాన పడుతున్నది, రేకుల కింద నిలబడ్డం. ఎందుకో అడగాల్ననిపిచ్చింది.

"అప్పుడు నామీద కోపమొచ్చిందా నీకు?"

"సీటుకా?" అన్నది. "నెల దినాలు ఏడ్సిన. నీమీద కోపం దానికి గాదే."

"మరి?"

"కొత్త బడికి పోయిన మొదటి దినం సాయంత్రం మా ఇంటికొచ్చినవు. బస్సు దిగి సీదా వచ్చినవు, ఆ యూనిఫారం మీదనే. టై గూడ ఇప్పలే. మా అమ్మ నీకు చాయ్ ఇచ్చి, పక్కన కూసొని ఆ టై కొస చేతిల పట్టుకొని సూసింది. అది రెండేండ్లు నా మనసుల నుంచి పోలే."

నాకు ఆ సాయంత్రం యాదికున్నది. పోయిన, ల్యాబు గురించి చెప్పిన, ఆమె ఏదేదో అడిగింది, మంచిగనే మాట్లాడుకున్నం అని యాదికున్నది. యూనిఫారం మాత్రం యాదికి లేదు. టై అస్సలు లేదు.

"మాఫ్ చెయ్యవే" అన్న.

"ఇప్పుడేం మాఫీ, పిచ్చిదానా. అగో నీ బస్సొస్తున్నది" అని నన్ను నెట్టింది.

ఇంటికి పోయినంక అమ్మను అడిగిన. మొదటి దినం నేను బట్టలు మార్చుకొని వాళ్లింటికి పోలేనా అని.

"యాడ మారుస్తివి?" అన్నది అమ్మ. "అన్నం తినేదాక ఇప్పలేవు. పప్పు పడ్తదని నేను తిట్టిన."

తెల్లారి ఆ మాట ఫోన్ చేసి దోస్తుకు చెప్పిన. "మరి, నేను చెప్పలేనా" అన్నది. ఎనుక మిషన్ల సప్పుడు వినపడుతున్నది. లంచ్ టైం అయిపోతున్నది, ఆదివారం చేస్త అని పెట్టేసింది.